తడిక వెనక కాలిన రొట్టె

మా ఊరి కల్లు మండువకు పట్నం నుంచి కూడా మనుషులు వచ్చేవారు. చౌటుప్పల్ దగ్గర విజయవాడ రోడ్డు దిగి, ఐదు మైళ్ళు మట్టి బాటలో ఒళ్ళు హూనం చేసుకుని మరీ వచ్చేవారు. కల్లే కావాలంటే దారిలో ఇంకా నాలుగు మండువలున్నాయి. వాళ్ళు వచ్చేది రొట్టె కోసం. ఆ రొట్టె కాల్చే మనిషిని మాత్రం పదకొండేళ్ళలో వాళ్ళెవరూ చూడలేదు. మేం రోజూ చూసేవాళ్ళం, చూసి చూడనట్టు ఉండేవాళ్ళం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్తాను. మా ఊళ్ళో ఇంకెవరూ నోరు విప్పరు.

ఆమె పేరు సాలమ్మ. ఊరి చివర వాడలో, ప్రార్థన చేసుకునే గుడిసె పక్కన ఇల్లు. ఊళ్ళో అందరూ "ఏమే సాలీ" అనే పిలిచేవాళ్ళు, ఆమె కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు కూడా. నేను ఆ ఊరి పోస్టాఫీసు నడిపేవాణ్ణి. షాద్‌నగర్‌లో పనిచేసే ఆమె తమ్ముడు రాసే ఉత్తరాలు నేనే చదివి చెప్పేవాణ్ణి కాబట్టి ఆమె బతుకు నాకు కాస్తో కూస్తో తెలుసు.

పన్నెండో ఏట ఆమెను నల్లగొండలో ఒక మిషన్ దవాఖాన వంటింట్లో పనికి పెట్టారు. అక్కడ రోగుల కోసం డబల్‌రొట్టె కాల్చేవారు. పిండి పొంగడానికి వేసే మందు పట్నం నుంచి ఒక వారం వస్తే రెండు వారాలు వచ్చేది కాదు. అందుకని అక్కడి వంటమనిషి పిండిలో కల్లు పోసి పులియబెట్టేది. ఏ పూట దించిన కల్లు ఎంత పోయాలి, వేలితో నొక్కితే పిండి ఎంతసేపట్లో మళ్ళీ పైకి లేవాలి, ఇవన్నీ సాలమ్మ ఏడేళ్ళు ఆ వంటింట్లోనే నేర్చుకుంది. తర్వాత బావులు తవ్వే ఏసోబుతో పెళ్ళయి మా ఊరొచ్చింది. ఎనభై మూడులో బావి గడ్డ విరిగి మీద పడితే ఏసోబు నడుం పోయింది. అప్పటి నుంచి అతను మంచం దిగలేదు, ఆమె ఎక్కడ పని దొరికితే అక్కడికి పోయేది.

గుర్వయ్య తాళ్ళవనంలో రాలిన మట్టలు ఏరడానికి వచ్చిందొక రోజు. కల్లు గీసేది గుర్వయ్యే, మండువ నడిపేదీ అతనే. మధ్యాహ్నం సాలమ్మ తన మూట విప్పి, కల్లుతో పులిసిన పిండిని మూకుడులో పరిచి, పైన టమాటా, ఎల్లిగడ్డ, పచ్చిమిరప వేసి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసింది. కిందా పైనా కాలే రొట్టె అది. అంచులు ఉబ్బి, పైన అక్కడక్కడ నల్లగా పొక్కులు లేచి వచ్చేది. గుర్వయ్య చెట్టు దిగి, వాసన పట్టి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఒక ముక్క అడిగి తిన్నాడు.

గుర్వయ్యకు తెలివి ఉంది. మండువలో ఇది పెడితే జనం ఎగబడతారని అప్పుడే తెలిసిపోయింది. కాని సాలమ్మ చేతి రొట్టె ఊళ్ళోవాళ్ళు ఎట్లా తింటారు? మండువలో ఆమె వాడవాళ్ళకు కల్లు పోసేదే వేరే మూల. తాటాకు దొప్పలాంటి రేక వాళ్ళు పట్టుకుంటే గుర్వయ్య పై నుంచి ఒంపేవాడు, కల్లు లొట్టి అంచు రేకకు తగలకుండా. అలాంటి చోట ఆమెకు పొయ్యి ఎలా? దానికి అతను కనిపెట్టిన ఉపాయం తడిక. మండువ వెనక తాటాకులతో నిలువెత్తు తడిక కట్టాడు. దాని వెనక సాలమ్మ, ముందు గుర్వయ్య భార్య పుల్లమ్మ. తడికలో చేయి పట్టేంత సందు. కాలిన రొట్టెను సాలమ్మ ఆ సందులోంచి ఇస్తే పుల్లమ్మ అందుకుని, మోదుగాకులో పెట్టి అందరికీ ఇచ్చేది. సాలమ్మ వచ్చేది చేలగట్ల మీదుగా, పోయేదీ అటే. మండువ ముందుకు ఏనాడూ రాలేదు.

అంతే, రొట్టె పుల్లమ్మ రొట్టె అయిపోయింది. ఒక చేయి నుంచి ఇంకో చేయికి మారితే దానికి ఏం అంటుకున్నది పోతుందో, ఏం కొత్తగా వస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు. తడిక వెనక పొగ లేచేది. పొగకు సాలమ్మ దగ్గేది. పుల్లమ్మ మా ఎదురుగా నిలబడి ఉండేది, దగ్గు మాత్రం తడిక వెనక నుంచి వచ్చేది. అయినా మేం "పుల్లమ్మా, ఇంకోటి పట్రా" అనేవాళ్ళం. నేనూ అన్నాను. నాకు కోపం ఎక్కువని ఊళ్ళో పేరు. ఆ కోపం పదకొండేళ్ళు ఎక్కడ పడుకుందో నన్నడక్కండి.

తొంభై నాలుగు ఎండాకాలంలో చౌటుప్పల్ కృష్ణయ్య నన్ను చూడడానికి వచ్చాడు. చిన్నప్పుడు నాతో చదువుకున్నాడు. బొంబాయి పోయి, సరుకు ఓడల్లో వంటవాడిగా దేశాలు తిరిగి అప్పుడే వచ్చాడు. మా ఊళ్ళో చూపించడానికి ఇంకేముంది? మండువకు తీసుకుపోయాను. ఆ రోజు పదిహేను మంది దాకా ఉన్నారు. ఊరి పెద్దమనుషుల్లో ఒకడైన పెద్దులు ముందు వరుసలో కూర్చుని మూడో రొట్టె తింటున్నాడు.

కృష్ణయ్య కల్లు పక్కన పెట్టేసి రొట్టెనే చూస్తూ కూర్చున్నాడు. విరిచి లోపల చూశాడు, వాసన చూశాడు, అంచు కొరికాడు.

"మల్లయ్యా, ఇటలీల నేపుల్స్ అని ఒక రేవున్నది. ఆడ మా ఓడ ఆగితె చాలు, నేను దిగి ఉరుకుతుంటి గీ రొట్టెకు. పిజ్జా అంటరు ఆడ. కట్టెల పొయ్యిల కాలుస్తరు. గిట్లనే అంచు ఉబ్బుతది, గిట్లనే నల్ల సుక్కలు. మీదికెల్లి జున్ను ఒకటే తక్కువ దీనికి," అన్నాడు నాతో. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి మనిషికి. తర్వాత పుల్లమ్మ వైపు తిరిగాడు.

"చెల్లే, ఎవలు జేసిన్రు ఇది?"

"నేనే అన్నా," అంది పుల్లమ్మ. అది పదకొండేళ్ళుగా అలవాటైన మాట.

"పిండి ఎంతసేపు పులవనిస్తవ్?"

పుల్లమ్మ తడబడింది. "పులవనిచ్చుడేంది? కలుపుడు, కాల్చుడే."

"అట్లైతే గిన్ని బుడగలు ఎట్లొచ్చినయ్?"

"ఆఁ... సోడా ఉప్పేస్తనన్నా. దోసెడు."

తడిక వెనక ఏదో కింద పడిన చప్పుడైంది.

"సోడా ఉప్పా!" అని అరిచింది సాలమ్మ. "నా పిండిల సోడా ఉప్పు పడ్డనాడు నా చెయ్యి పడిపోవాలె!"

పదకొండేళ్ళు తన రొట్టెను ఇంకొకరి రొట్టె అంటే విన్నది. ఊరుకుంది. పిండి గురించి తప్పు చెప్తే మాత్రం ఆమె వల్ల కాలేదు. తడిక పక్కకు నెట్టి వచ్చేసింది. మోచేతుల దాకా పిండి, ముఖం నిండా మసి. తిన్నగా కృష్ణయ్య ముందుకొచ్చి నిలబడింది.

"సారూ, సోడా ఉప్పేస్తె నాలిక మీద సబ్బు రుచి తగుల్తది. తగిలిందా నీకు? పొద్దటి కల్లు పొయ్యాలె, మాపటిది పనికిరాదు, పులుపెక్కుతది. రెండొంతులు గోధుమపిండి, ఒక వంతు జొన్నపిండి. ఎండకాలమైతె ఐదు గంటలు, చలికాలమైతె తెల్లారెదాక. మూత మీద నిప్పులు ఎప్పుడు పొయ్యాలెనంటే, అంచు ఎండి రంగు తిరిగినంక. జర ముందుగాల పోస్తివా, నడుమ పచ్చి ఉంటది."

కృష్ణయ్య లేచి నిలబడ్డాడు. ఆమె చేతులు చూశాడు. మణికట్టు నుంచి మోచేయి దాకా పాత కాలిన మచ్చలు. తన చొక్కా చేయి పైకి మడిచి, తన మచ్చలు చూపించాడు. "మనిద్దరిది ఒకటే పని తల్లీ," అన్నాడు. ఆమె నవ్వింది. సాలమ్మ నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ నవ్వు పూర్తి కానే లేదు, మా వాళ్ళు ఒక్కొక్కరే మోదుగాకులు కింద పెట్టడం మొదలుపెట్టారు. పెద్దులు నోట్లో ఉన్న ముక్క ఉమ్మేశాడు. నీళ్ళు అందుబాటులో లేక కల్లుతోనే నోరు పుక్కిలించాడు. కడుపులోకి పోయిన రెండున్నర రొట్టెల సంగతి ఏంటో మరి.

"ఏందే సాలీ, పిచ్చి లేసిందా నీకు? నువ్వు జేస్తున్నవని మాకు తెల్వదా? అందరికి తెలుసు. బయటికెందుకొచ్చినవ్?" అన్నాడు.

ఆ మాట ఇంకోసారి చదవండి. అందరికీ తెలుసట. ఆమె చేయడం తప్పు కాదు, వీళ్ళు తినడం తప్పు కాదు, ఆమె కనబడడం తప్పు! తిట్టు తినాల్సినవాడే తిడుతున్నాడు, అదీ మూతికి టమాటా అంటించుకుని. ఇప్పుడు తలుచుకుంటే నా ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మాత్రం మండలేదు. నా చేతిలో సగం రొట్టె ఉంది. అందరూ కింద పెట్టారు కదా అని నేనూ మెల్లగా కింద పెట్టాను. సాలమ్మ అది చూసింది.

కృష్ణయ్య ఒక్కడే తన రొట్టె చివరి ముక్క దాకా తిన్నాడు. "ఎసొంటి మనుషులురా మీరు! పరాయి దేశంల నాకు ముక్కు మొఖం తెల్వనోడు పిలిచి తన పక్క పీట మీద కూసోబెట్టి పెట్టిండు. థూ," అన్నాడు. సాలమ్మ తడిక వెనక్కి పోయి, తన మూకుడు, గంటె తీసుకుని, ఈసారి మండువ ముందు నుంచే నడిచి ఇంటికి పోయింది.

మరునాడు మండువలో శుద్ధి జరిగింది. పసుపునీళ్ళు చల్లారు, పొయ్యి పగలగొట్టి కొత్తది వేశారు. ఆ పొయ్యి మీద రొట్టె కాల్చమని గుర్వయ్య పుల్లమ్మను కూర్చోబెట్టాడు. మొదటి రోజు మాడింది, రెండో రోజు ఉడకలేదు, మూడో రోజు ఆమె గంటె విసిరికొట్టింది. "నా తోని కాదు. పదకొండేండ్లు నా తోని అబద్ధమాడిచ్చినవ్, అది చాలు," అని మొగుడి ముఖాన అనేసి లోపలికి పోయింది. పట్నం వాళ్ళు వచ్చి, రొట్టె లేదంటే రేకెడు కల్లు కూడా తాగకుండా వెనక్కి తిరిగేవారు. ఊళ్ళోవాళ్ళు కూడా పలచబడ్డారు. దించిన కల్లు దించినట్టే పులిసిపోయేది. నోటి రుచికి ముఖం వాచి, అందరూ అందరి మీదా చిరచిరలాడేవారు.

పదిహేను రోజులు చూశారు. ఆ తర్వాత గుర్వయ్య, పెద్దులు కలిసి సాలమ్మ దగ్గరకు బయల్దేరారు. చదువుకున్నవాణ్ణని నన్నూ వెంటబెట్టుకుపోయారు. వాడలోకి పోలేదు లెండి. వాడ మొదట్లో బావి దగ్గరే ఆగి కేకేశారు. సాలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇగో సాలీ, జరిగిందేదో జరిగింది," అన్నాడు పెద్దులు, ఆమె చేసిన తప్పును క్షమిస్తున్నట్టు. "మేం చూడలే, ఇనలే. నువ్వు మల్ల వచ్చి నీ జాగల కూసో."

"నా జాగ యాడ?"

"అదేనే, తడిక ఎన్క," అన్నాడు గుర్వయ్య. "ఈసారి మంచిగ కట్టిస్త. ఇంకింత ఎత్తు లేపిస్త. ఎవలకు కనబడవు. తలుపు గూడ పెట్టిస్త."

"తలుపెందుకయ్యా నాకు? నేనేమన్న దొంగనా?" అంది సాలమ్మ. గొంతు పెంచలేదు. "తడిక ఎత్తు లేపితె నా దగ్గు ఆగుతదా? మీకు ఇనబడకుంట ఉంటదా? నా పొయ్యి పగలగొట్టిన్రు. పసుపునీళ్ళు సల్లిన్రు. నేను కూసున్న జాగల నీళ్ళు సల్లి, మల్ల గా జాగకే రమ్మంటున్నరు. సిగ్గు లేదా మీకు?"

"మాటలు జర మంచిగ రానియ్యి," అన్నాడు పెద్దులు.

"ఒకటే మాట చెప్త. రొట్టె నేనే కాలుస్త, నేనే చేతికిస్త. తినేటోడు తింటడు, తిననోడు లేసి పోతడు. గట్లైతె రేపు పొద్దుగాలనే వస్త."

"అట్ల యాడ కుదురుతదే? ఊరన్నంక ఒక పద్ధతి ఉంటది."

సాలమ్మ అప్పుడు నా వైపు తిరిగింది. "పోస్టు సారూ, నువ్వు జెప్పు. పదకొండేండ్లు నువ్వు ఎవల రొట్టె తిన్నవ్?"

ఒక్క మాట. "నీది" అంటే చాలు. నాకు అటు గుర్వయ్య, ఇటు పెద్దులు నిలబడి ఉన్నారు. నేను కింద చెప్పుల వైపు చూసుకుంటూ, "అందరితోపాటే తిన్న. లోపట ఎవలున్నరో నేనేం తొంగి చూడలే," అన్నాను. పదో తరగతి చదివి, సర్కారు ముద్ర వేసే చేతులున్నవాణ్ణి, నా నోటి నుంచి వచ్చిన మాట అది.

"మా తమ్ముని ఉత్తరం జదివేటప్పుడు నా మొఖం చూసుకుంటనే చదువుతవ్ గద సారూ. గీ మాటకు కిందికెందుకు చూస్తున్నవ్?" అంది. జవాబు కోసం ఆగలేదు, వెనక్కి తిరిగి పోయింది. ఆ తర్వాత ఆమె ఉత్తరాలు చదివించుకోవడానికి నా దగ్గరకు రాలేదు.

నెల తిరక్కుండానే కృష్ణయ్య ఆమెకు చౌటుప్పల్‌లో చోటు చూపించాడు. విజయవాడ రోడ్డు పక్కన మెహమూద్ టైర్ల పంక్చర్ దుకాణం ఉండేది. దాని రేకుల నీడలో కాస్త జాగా. "పొయ్యి పెట్టుకో అమ్మా, నాకేం ఫికర్ లేదు, లారీ ఆగినోడికి ఆకలి కూడా అయితది," అన్నాడట మెహమూద్. పొద్దున మొదటి బస్సుకు సాలమ్మ పిండి తపేలా నెత్తిన పెట్టుకుని పోయేది. పిండి పులియడానికి పొద్దటి కల్లు కావాలి కదా. పుల్లమ్మ రోజూ బస్సు దాకా నడిచొచ్చి, అందరూ చూస్తుండగానే చిన్న లొట్టి ఒకటి ఆమె చేతికి ఇచ్చేది. గుర్వయ్య అరిచినా ఆగలేదు. ఆ ఇంట్లో మనిషంటూ ఉంటే ఆమే.

తొంభై ఐదులో ఒకరోజు తపాలా పని మీద నల్లగొండ పోయి, మా ఊరి బస్సులో తిరిగి వస్తున్నాను. డ్రైవరు చాయ్ కోసం చౌటుప్పల్‌లో బస్సు ఆపాడు. సరిగ్గా పంక్చర్ దుకాణం ముందే. కాలుతున్న రొట్టె వాసన కిటికీల్లోంచి బస్సంతా నిండింది. బస్సులో సగం మంది మా ఊరివాళ్ళే. నా పక్క సీట్లో పెద్దులు. నేను దిగాను.

సాలమ్మ చుట్టూ లారీవాళ్ళు, కూలీలు నిలబడి తింటున్నారు. తడికా లేదు, గోడా లేదు. నడుముకు కొంగు బిగించి, మూత మీద నిప్పులు సర్దుతోంది. నన్ను చూసి, ముక్కు మొఖం తెలియనివాణ్ణి అడిగినట్టు అడిగింది.

"ఏం గావాలె?"

"రొట్టె."

"ఎవలిది?"

వెనక బస్సు కిటికీల్లో తలలున్నాయి. "నీదే సాలమ్మా," అన్నాను.

"లారీల మోతకు ఇనబడలే."

ఒక్క క్షణం నాకు ఆమె మీదే కోపం వచ్చింది, నడిరోడ్డు మీద ఇట్లా నిలబెట్టిందని. ఆ కోపానికి నాకే అసహ్యమేసింది. పదకొండేళ్ళు ఆమెను తడిక వెనక కూర్చోబెట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి, రెండు నిమిషాలు నేను రోడ్డు మీద నిలబడలేనా? గొంతు చించుకుని అరిచాను.

"సాలమ్మ చేతి రొట్టె గావాలె! పదకొండేండ్లు మండువల తిన్నది గూడ సాలమ్మ చేతి రొట్టెనే!"

లారీవాళ్ళు తినడం ఆపి నన్ను వింతగా చూశారు. మెహమూద్ టైరు వదిలేసి చూశాడు. బస్సు కిటికీల్లోంచి ఇంకో నాలుగు తలలు బయటికొచ్చాయి. సాలమ్మ మెచ్చుకోలేదు, నవ్వలేదు. ఎందుకు మెచ్చుకోవాలి? రొట్టె తీసి తన చేత్తో నా చేతిలో పెట్టింది. "పైలం, కాలుతది," అని మాత్రం అంది.

బస్సెక్కి నా సీట్లో కూర్చున్నాను. పెద్దులు కిటికీ వైపు జరిగి, నాకు వీపు తిప్పాడు. నేను రొట్టె విరిచాను. ఆవిరి లేచింది. కాసేపటికి పెద్దులు ముఖం మెల్లగా ఇటు తిరిగింది. అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి, "మల్లయ్యా, ఒక ముక్క ఇటియ్యి," అంటూ చేయి చాపాడు. అచ్చం పుల్లమ్మ ముందు చాపినట్టే చాపాడు.

ఆ చేయి చూసేసరికి పదకొండేళ్ళ కోపం ఒక్కసారిగా నెత్తికెక్కింది.

"ఆమె ఆడనే ఉన్నది. దిగి, ఆమెను అడిగి, ఆమె చేతులకెల్లి తీసుకో," అన్నాను, బస్సంతా వినేట్టు.

బస్సు ఇంకా పది నిమిషాలు అక్కడే ఆగి ఉంది. పెద్దులు దిగలేదు. నేను ఇవ్వలేదు.